ఐదో మిషను

ఆ గురువారం ఇంట్లో ఉన్నది ఆరుగురం.

ముందు గదిలో పెద్దమ్మ తమ్ముడు, పోలీసు మావయ్య. ఉద్యోగం నుంచి రిటైరై చాలా కాలమైంది కానీ ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. మధ్య గదిలో వదిన, ల్యాప్‌టాప్ ముందు. పెరట్లో అన్నయ్య, స్కూటరు కడుగుతూ. షెడ్డులో కాజాల అక్క, బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతూ. పెద్దమ్మ ఫలానా చోట ఉందని చెప్పలేం. ఆమె షెడ్డుకీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఆరో మనిషిని నేను. మెట్ల కింద కూర్చుని చదువుకుంటున్నాను.

ఆ పూట, వంటింట్లో కుక్కర్ కూతలు వేస్తున్న సమయంలో, పెద్దమ్మ పేరు మీద పన్నుల ఆఫీసుకి ఒక అబద్ధం వెళ్ళింది.

జరిగింది ఇదీ. పెద్దమ్మకు యూనిఫారాలు కుట్టే షెడ్డు ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డు పన్ను లెక్కలన్నీ ఒకే ఆడిటర్ చూసేవాడు. ఈ ఏడు వదిన, "అత్తయ్యా, దీనికి సాఫ్ట్‌వేర్ ఉంది, మనమే చేసుకోవచ్చు, ఆయనకిచ్చే దాంట్లో పదో వంతు కూడా అవదు," అంది. పెద్దమ్మ రెండు రోజులు ఆలోచించి, భోజనాల దగ్గర అందరూ ఉండగా, "ఇక నుంచి ఈ ఇంటి పన్ను నా కోడలే కడుతుంది. ఆడిటర్ లేడు, గీడిటర్ లేడు," అని ప్రకటించింది. వదిన రెండు సాయంత్రాలు కూర్చుని రిటర్ను పంపేసింది. అంతా సవ్యంగానే ఉంది.

తర్వాత ఆ గురువారం రెండో రిటర్ను వెళ్ళింది. మొదటిదాంట్లో తప్పులున్నాయి, ఇది సరిచేసింది అని. అందులో పెద్దమ్మ ఎవరికో పెద్ద విరాళం ఇచ్చినట్టు, అందువల్ల కట్టిన పన్నులో సగం తిరిగి రావాలన్నట్టు ఉంది. పెద్దమ్మ ఎవరికీ ఏ విరాళమూ ఇవ్వలేదు. అది జరిగిన కొన్ని రోజులకు, అంటే నిన్న, నోటీసు వచ్చింది. రెండు రిటర్నులూ జతచేసి, సంజాయిషీ చెప్పమన్నారు. రుజువు చూపలేకపోతే జరిమానా, ఆ తర్వాత కేసు.

రిటర్ను వెళ్ళాలంటే పెద్దమ్మ ఫోనుకి ఒక ఓటీపీ వస్తుంది. ఆ అంకెలు ఎక్కిస్తేనే వెళ్తుంది. ఫోను ఆ రోజు ఇంట్లోనే ఉంది. ఆ మెసేజి ఇప్పుడు ఫోనులో లేదు.

మావయ్య కేసు తన చేతిలోకి తీసుకున్నాడు. కాఫీ చల్లారేలోపు నేరస్థురాలిని తేల్చేశాడు.

"పాస్‌వర్డు ఎవరికి తెలుసు? కోడలికి. ఆ టైములో కంప్యూటరు ముందు ఎవరున్నారు? కోడలు. ఫోను తీసి అంకెలు చూసి మెసేజి చెరిపేయడం ఎవరికి చేతనవును? మా అక్కకు ఫోనెత్తి 'ఎవరూ' అనడమే వచ్చు. ఇంకేం కావాలి?"

అన్నయ్య కడిగిన స్కూటరునే మళ్ళీ కడగడానికి వెళ్ళిపోయాడు.

ఆడిటర్‌కి ఫోను చేస్తే ఆయన ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడట. తెలియక సాఫ్ట్‌వేర్‌తో తానే ఇలా చేశానని వదిన ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు, ఆఫీసులో మాట్లాడి జరిమానాతో సరిపెట్టిస్తానన్నాడు. కాగితం తనే టైపు చేయించి నాలుగింటికి తెస్తానన్నాడు.

వదినకు సోమవారం నుంచి ఒక ఆసుపత్రిలో అకౌంట్సు ఉద్యోగం. పెళ్ళయ్యాక మొదటి ఉద్యోగం. దొంగ లెక్కలు పంపానని సంతకం పెట్టిన మనిషిని లెక్కల ముందు ఎవరు కూర్చోబెడతారు?

"సంతకమే కదమ్మా, చెయ్యేమీ అరిగిపోదు," అన్నాడు మావయ్య.

నలుగురి ముందు నోరు విప్పడం నాకు చేతకాదు. మా ఊరి బళ్ళో జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. మావయ్య నన్ను మౌనస్వామి అంటాడు. అయినా ఆ మాట విన్నప్పుడు నా చెవులు వేడెక్కాయి. వదిన ఆ రిటర్ను చేసిన రెండు సాయంత్రాలూ బిల్లులు అందించింది నేనే. ఆమె ప్రతి అంకెనూ నా చేత రెండుసార్లు చదివించింది.

నాలుగింటిలోపు ఏదో ఒకటి చేయాలి.

వదిన వంటింట్లో పళ్ళెం ముందు కూర్చుని ఉంది. తినడం లేదు.

"వదినా, ఒకటి అడగనా?"

"నువ్వు కూడానా? అడుగు. పోలీసు మావయ్య అయిపోయాడు, ఇప్పుడు పోలీసు మేనకోడలు."

"ఆ విరాళం నువ్వు రాశావా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "లేదు."

"మరి ఆ కాగితం మీద..."

"సంతకం పెడతాను. పెట్టకపోతే ఈ ఇంట్లో ఎలా ఉండాలి చెప్పు? మీ అన్నయ్య నా మొహం చూడటం లేదు. అత్తయ్య నిన్నట్నుంచి మాట్లాడటం లేదు. అరిస్తే ఎదురు చెప్పొచ్చు. మాట్లాడకపోతే ఏం చేస్తాం?"

"సాఫ్ట్‌వేర్ దానంతటదే ఏమైనా మార్చి పంపుతుందా?"

వదిన మొహంలో నవ్వులాంటిది కదిలింది. "అది అమాయకురాలే. అడిగినదానికి ఏం చెబితే అది రాసుకుంటుంది. అబద్ధం చెప్పినా రాసుకుంటుంది. కానీ అడక్కుండా మాత్రం ఒక్క గడి కూడా నింపదు. ఖాళీగా మొదలవుతుంది. గుర్తులేదూ, మిషన్లెన్ని అని అడిగితే నేను లేచి షెడ్డులోకి వెళ్ళి చూసొచ్చాను."

గుర్తుంది. నేనూ వెంట వెళ్ళాను.

"ఆడిటర్ దగ్గర పాత లెక్కలుంటాయి కదా, అవెందుకు తెచ్చుకోలేదు?"

"మూడుసార్లు అడిగాను. 'ఉండనీయమ్మా, ఎప్పటికైనా నా దగ్గరికే వస్తారుగా' అన్నాడు. ఒక్క కాగితం ఇవ్వలేదు."

నోటీసు కాగితాలు మావయ్య కుర్చీ పక్కన స్టూలు మీద ఉన్నాయి. ఆయన కునుకు తీస్తున్నాడు. కాగితాలు తీసుకుని మెట్ల కిందికి వచ్చాను.

మావయ్య విరాళం ఒక్కటే చూశాడు. ఎర్ర పెన్నుతో దాని చుట్టూ గుండ్రంగా గీశాడు. నేను మిగతావి చూశాను. రెండు రిటర్నులూ పక్కపక్కన పెట్టి వేలు జరుపుతూ వచ్చాను. అద్దె ఒకటే. కరెంటు ఒకటే. గుడ్డ కొన్న లెక్క ఒకటే. మిషన్ల దగ్గర వేలు ఆగిపోయింది.

మొదటిదాంట్లో నాలుగు.

రెండోదాంట్లో ఐదు.

వెంటనే లేచి షెడ్డులోకి వెళ్ళాను. మధ్యాహ్నం కాబట్టి మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. గోడ పొడవునా నాలుగు. నేను ఈ ఇంటికి చదువుకోసం వచ్చి ఏడాది కాలేదు. వచ్చినప్పటినుంచీ నాలుగే. నాలుగో మిషను పక్కన గుడ్డ తానులు నడుం ఎత్తు పేర్చి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ దింపడం మొదలుపెట్టాను.

అన్నం తింటున్న కాజాల అక్క తలెత్తి చూసింది. "ఏం పోగొట్టుకున్నావే?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే మడత పెట్టినవన్నీ ఎందుకు పీకుతున్నావు? మళ్ళీ పేర్చేది నేనేగా."

తానుల కింద సిమెంటు నేల మీద నాలుగు బోల్టు గుంతలున్నాయి, మిగతా మిషన్ల కాళ్ళ కింద ఉన్నట్టే. మధ్యలో పాత నూనె మరక. వేలితో రుద్దితే దుమ్ము వచ్చింది కానీ నూనె రాలేదు.

"ఇక్కడో మిషనుండేదా అక్కా?"

"ఉండేది. నేను కూర్చున్నది దాని మీదే. మోటారు కాలిపోయింది. కుట్టు కన్నా పొగ ఎక్కువొచ్చేది. అమ్మగారు పాతసామాన్లవాడికి ఇచ్చేశారు."

"ఎప్పుడు?"

"పోయినేడు లెక్కల కాగితాలన్నీ ఆడిటర్ గారికి ఇచ్చేసి వచ్చారు చూడు, ఆ వారమే. ఇంత బరువు. గుమ్మం దాటించడానికి మీ అన్నయ్య, నేను, ఎదురింటి ఇద్దరు. మీ వదిన బండివాడితో బేరమాడింది. మీ పోలీసు మావయ్య పక్కన నిలబడి 'అటు తిప్పండి, ఇటు తిప్పండి' అని సలహాలిచ్చాడు."

"అంటే ఇంట్లో అందరికీ తెలుసు."

"వీధి వీధికే తెలుసు. కాలిపోయిన మిషనుకి అంత ఊరేగింపు జరిగితే తెలియకుండా ఉంటుందా?"

"తెలియనివాళ్ళెవరుంటారు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఈ షెడ్డులోకి రానివాళ్ళు."

నేను వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మావయ్య.

"నా కాగితాలు నీ దగ్గరెందుకున్నాయి, మౌనస్వామీ?"

మామూలుగా అయితే కాగితాలు ఆయన చేతికిచ్చి తల దించుకుని వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు ఇవ్వలేదు.

"రెండో రిటర్నులో ఐదు మిషన్లున్నాయి మావయ్యా."

"ఉంటే?"

"షెడ్డులో నాలుగే ఉన్నాయి. ఐదోది నువ్వే దగ్గరుండి పంపించావట."

"అంకె తప్పు పడింది. ఆడపిల్ల కంగారులో నాలుగుకి బదులు ఐదు నొక్కింది. దొంగతనం చేసేవాళ్ళు కంగారు పడతారు, నా సర్వీసులో ఎంతమందిని చూశాను."

"అంకె ఒక్కటే కాదు. ఐదో మిషను ఎప్పుడు కొన్నారో, ఎంత పెట్టి కొన్నారో, ఏటా ఎంత విలువ తగ్గించుకుంటూ వస్తున్నారో అన్నీ ఉన్నాయి. వదిన ఈ ఇంటికి రాకముందు కొన్న మిషను అది. కంగారులో ఇవన్నీ ఎలా పడతాయి?"

మావయ్య కాగితం లాక్కుని చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది. అర్థమైనట్టు ఒప్పుకోడని కూడా తెలిసింది.

"పాత కాగితం చూసి ఎక్కించి ఉంటుంది."

"పాత కాగితాలు మనింట్లో లేవు."

"ఇదిగో, పరీక్షలో మార్కులొచ్చినంత మాత్రాన పరిశోధన రాదు. నేను ఒక మాట అన్నాక దాని మీద ఇంకొకరు మాట్లాడటం ఈ ఇంట్లో లేదు."

"ఇప్పుడుంది," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కాజాల అక్క నోట్లోని ముద్ద నమలడం ఆపేసింది.

మావయ్య ఇంకేదో అనబోయాడు. అంతలో ముందు గేటు చప్పుడైంది.

ఆడిటర్ మృదువైన మనిషి. చెప్పులు వరసగా విప్పి, అందర్నీ పేరుపేరునా పలకరించి, మంచినీళ్ళు సగం తాగి, మిగతా సగం జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. పెద్దమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. వదిన గోడకు ఆనుకుని ఉంది. అన్నయ్య తడి చేతులతో లోపలికొచ్చి ఎక్కడ నిలబడాలో తెలియక కిటికీ దగ్గర ఆగాడు.

"అక్కయ్యగారూ, మీరేం దిగులు పడకండి. నేనున్నాను," అన్నాడు ఆడిటర్. "కుర్రవాళ్ళకు సరదా. సాఫ్ట్‌వేర్ అంటే చవక అనుకుంటారు. అది మనిషి మొహం చూసి ఇది సబబు, ఇది కాదు అని చెప్పగలదా? ఇరవై ఏళ్ళ అనుభవం పెట్టెలో పెట్టి అమ్ముతారా? ఇదిగోనమ్మా, ఇక్కడ సంతకం."

వదిన కాగితం అందుకుంది. మావయ్య పెన్ను ఇచ్చాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఆడిటర్ గారూ, మా షెడ్డులో మిషన్లెన్నండీ?"

ఆయన ఆప్యాయంగా నవ్వాడు. "నీకు తెలీదేంటమ్మా? ఐదు. మీ పెద్దమ్మగారు మొదటి మిషను కొన్నప్పుడు నువ్వు పుట్టలేదు. ఆ బిల్లు కూడా నా దగ్గరే ఉంది."

కిటికీ దగ్గర అన్నయ్య తల తిప్పి చూశాడు.

"ఒకసారి లోపలికొచ్చి చూపిస్తారా?"

"ఏమిటే ఇది?" అన్నాడు మావయ్య.

"ఐదో మిషను ఎక్కడుందో ఆయన చూపిస్తే వదిన సంతకం పెడుతుంది. నేనే చెయ్యి పట్టుకుని పెట్టిస్తాను."

ఆడిటర్ మొహమాటానికి లేచాడు. షెడ్డు గుమ్మం దాకా వచ్చి లోపలికి చూశాడు. చూపు మిషన్ల మీదుగా గోడ చివరిదాకా వెళ్ళి, నేను దింపిన తానుల దగ్గర ఆగి, నేల మీది గుంతల్లోకి దిగింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది కానీ దాని వెనక మనిషి లేడు.

"పోయినేడు మీకు కాగితాలిచ్చాక అమ్మేశారండీ," అన్నాను, ఆయన వెనకే ముందు గదిలోకి తిరిగొస్తూ. "మీరు ఇటు రారు కాబట్టి మీకు తెలీదు. మా వదిన లేచి వచ్చి లెక్కపెట్టి నాలుగు రాసింది. గురువారం వెళ్ళిన రిటర్నులో మాత్రం ఐదున్నాయి. పోయినేటి ఫైలు తెరిచి, దాంట్లో అంకెలు మార్చి పంపినవాళ్ళే అలా రాస్తారు. ఆ ఫైలు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. మూడుసార్లు అడిగినా మీరు ఇవ్వలేదు. పాస్‌వర్డు కూడా మీరు పెట్టిందే, మేం మార్చలేదు."

వదిన చేతిలోని కాగితం, పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఆ చిన్న చప్పుడు నాకు చాలా బాగుంది.

"చిన్నపిల్లవి," అన్నాడు ఆడిటర్. ఆ గొంతులో మృదుత్వం పోయింది. "ఏం మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసండీ. తిరిగొచ్చే డబ్బులో వాటా తీసుకుంటారని కూడా విన్నాను. విరాళం అందుకే రాశారా?"

"అందరూ రాస్తారు!" అని, అన్న మాట తనకే వినపడి, ఆగిపోయాడు. తర్వాత నన్ను వదిలేసి మావయ్య వైపు తిరిగాడు. "సార్, మీరు డిపార్టుమెంటు మనిషి. మీరు చెప్పండి. ఎవరో ఒకరు అంకెలు చెప్పకుండా రిటర్ను ఎలా వెళ్తుంది? నేను వీళ్ళింట్లోకొచ్చి ఫోను ఎత్తుకుపోయానా?"

మావయ్య నా వైపు చూశాడు. నేను తప్పని అనడానికి ఆయనకు అదే చివరి అవకాశం. కానీ ముప్ఫై ఏళ్ళు చేసిన పని ఆయనలో ఎక్కడో కదిలినట్టుంది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు ఆడిటర్‌ని, నెమ్మదిగా.

ఆడిటర్ బల్ల మీది కాగితం తీసుకోబోయాడు. నేను ముందే తీసి వెనక్కి పెట్టుకున్నాను. ఆయన సంచి జిప్పు వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"నేను దొంగిలించలేదు. ఫోను చేసి అడిగాను, చెప్పారు. ఆ మెసేజి తీసేయమంటే, ఎలా తీయాలో చెప్పించుకుని మరీ తీశారు. ఫోను ఎవరిదో వాళ్ళనే అడగండి."

గేటు మూసుకుంది.

నేను వంటింటి గుమ్మం వైపు చూశాను. అక్కడ పెద్దమ్మ లేదు.

ఆమె తన గదిలో ఉంది. మంచం మీద కూర్చోలేదు, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది, నేను వస్తానని తెలిసినట్టే.

"పెద్దమ్మా, అంకెలు నువ్వే చెప్పావా?"

"మెల్లగా."

"చెప్పావా?"

ఆమె కళ్ళు నా భుజం మీదుగా ముందు గదిలోకి వెళ్ళి వచ్చాయి. "ఒక్కసారి చూస్తానన్నాడే. 'కోడలు పిల్ల ఎలా చేసిందో చూస్తానక్కయ్యగారూ, చూడటానికి మాత్రమే' అన్నాడు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషి. నీ పెదనాన్న పోయినప్పుడు షెడ్డు కాగితాలన్నీ నా పేరుకి మార్పించినవాడు. ఆయన్ని మాన్పించానని ముఖం చాటేసి తిరుగుతున్నాను. అంతలా అడిగితే ఎలా కాదనను?"

"మరి మెసేజి?"

"మీ వదిన చూస్తే నొచ్చుకుంటుందన్నాడు. నాకూ అదే అనిపించింది. తన మీద నమ్మకం లేదనుకుంటుందని."

అదీ సంగతి. సాఫ్ట్‌వేరా, ఆడిటరా అని ఇల్లంతా రోజుల తరబడి వాదించుకుంది. రెండిట్లో ఏదైనా పనికొచ్చేది. పెద్దమ్మ కోడలిని బాధ పెట్టలేక ఒకటీ, ఆడిటర్‌ని బాధ పెట్టలేక ఇంకొకటీ, రెండూ చేసింది.

"నోటీసు వచ్చాకైనా చెప్పాల్సింది."

"ఎలా చెప్పనే? అందరి ముందూ ఆడిటర్ లేడు గీడిటర్ లేడు అన్నదాన్ని. పైగా మీ మావయ్య, అంకెలు చెప్పినవాళ్ళే అసలు దొంగ అంటున్నాడు. కేసంటున్నాడు. ఈ వయసులో నేను ఆఫీసుల చుట్టూ..." ఆమె గొంతు గట్టిపడింది. "దానికేం, చిన్నది. తట్టుకుంటుంది. ఉద్యోగం ఇంకోటి వస్తుంది."

"రాదు పెద్దమ్మా. ఈ కాగితం మీద సంతకం పెడితే రాదు."

"ఆ ఆడిటర్‌ని పంపించేశావుగా. ఇక చాలు. నంబరు ఎవరు చెప్పారో తెలీదని ఊరుకుందాం."

"ఊరుకుంటే వదినే చెప్పిందనుకుంటారు. అన్నయ్య ఇప్పటికీ అదే అనుకుంటున్నాడు. చూడు, కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు."

ఆమె చూడలేదు.

"నీ కాలేజీ ఫీజు ఎవరు కడుతున్నారు?" అంది. ఆ మాట అనడం ఆమెకూ కష్టంగానే ఉంది. అయినా అంది.

"నువ్వే."

"మీ అమ్మ నిన్ను ఎవరిని నమ్మి పంపింది?"

"నిన్నే."

"మరి?"

మరి అన్న ఆ ఒక్క మాటకు నేను జీవితమంతా తల వంచుతూనే వచ్చాను. ఆ మాట ఎవరన్నా నా చూపు నేల మీదికి వెళ్ళిపోయేది. ఈసారి వెళ్ళలేదు. చేతిలోని కాగితం మడత విప్పి ఆమె ముందు పట్టుకున్నాను.

"ఇక్కడ వదిన పేరు టైపు చేసుంది. ఇది కొట్టేసి ఎవరి పేరుండాలో నువ్వే వచ్చి చెప్పు. తప్పు చేయాలని చేయలేదని కూడా చెప్పు, నేను పక్కన నిలబడతాను. కేసు పెడితే ఆఫీసుకి నీతో వస్తాను. నా చదువు ఆపేసినా వస్తాను. కానీ నువ్వు చెప్పకపోతే ఇప్పుడే ముందు గదిలోకి వెళ్ళి నేను చెప్తాను."

"నువ్వా? నలుగురిలో నోరు విప్పుతావా?"

"విప్పుతాను."

పెద్దమ్మ నా మొహం చాలాసేపు చూసింది. నేను కళ్ళు దించుతానేమోనని ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను దించలేదు. నా వెనక, ముందు గదిలోంచి వదిన అడుగులు ఇటే వస్తున్నాయి. ఆ అడుగులు పెద్దమ్మకూ వినపడ్డాయి.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, నా మొహం మీదే తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది. నేను కాగితం చేతిలోనే పట్టుకుని ముందు గది వైపు తిరిగాను.